నాలుగు వారాల ట్రైనింగ్‌తో జెనెటిక్ కౌన్సెలింగా?

వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి కుటుంబాలకు వివరించి దారి చూపే పని జెనెటిక్ కౌన్సెలింగ్. దానికి ఇప్పుడు వీడియోలు చూసి, చివర్లో క్విజ్ రాసి, పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోవడం, మర్నాడే ప్రొఫైల్‌లో 'సర్టిఫైడ్ జెనెటిక్ కౌన్సెలర్' అని పెట్టేసుకోవడం. ఈ మధ్య ఇది మరీ ఎక్కువైంది. ఆపేవాళ్లెవరూ లేరు కాబట్టి ఎవరి ఇష్టం వాళ్లది.

అమెరికాలో కౌన్సెలర్లకు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు ఏబీజీసీ (అమెరికన్ బోర్డ్ ఆఫ్ జెనెటిక్ కౌన్సెలింగ్), 1993లో పెట్టారు. గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో మాస్టర్స్ చేయందే పరీక్షకు కూర్చోనివ్వరు. మన దగ్గర ఎమ్మెస్సీ జెనెటిక్స్ చేసి నేరుగా రాసేద్దాం అనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోండి, కుదరదు. పరీక్షలో 200 ప్రశ్నలు, 4 గంటల టైము, మార్కులు లెక్కేసేది 170కే. అయిదేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. అయితే నా దృష్టిలో అసలు విలువ పరీక్షకు ముందున్న మెట్టుది. చదువులోనే కనీసం 50 కేసుల్లో, సీనియర్ పక్కన ఉండగా, స్వయంగా పాల్గొని లాగ్ రాయాలి.

మరి మన సంగతి? పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం నిబంధనల ప్రకారం జెనెటిక్ కౌన్సెలింగ్ సెంటర్‌కు మెడికల్ జెనెటిసిస్ట్ ఉండాలి. లేదంటే 6 నెలల అనుభవమో 4 వారాల శిక్షణో ఉన్న గైనకాలజిస్టో పిల్లల డాక్టరో ఉన్నా సరిపోతుంది. ఆ చట్టం వచ్చింది లింగనిర్ధారణ ఆపడానికి, కౌన్సెలింగ్ నాణ్యత చూడటానికి కాదు. దాన్నే అర్హతగా చూపించుకోవడం దగ్గరే నా గొడవంతా. బోర్డ్ ఆఫ్ జెనెటిక్ కౌన్సెలింగ్ ఇండియా పరీక్ష పెడుతోంది, మంచిదే. కానీ అది వృత్తి నిపుణులు పెట్టుకున్న బోర్డు, చట్టం ఇచ్చిన అధికారం లేదు.

నాలుగు వారాల్లో ఏది రాదో చెప్తాను. భార్యాభర్తలిద్దరూ తలసీమియా (వంశపారంపర్య రక్తజబ్బు) క్యారియర్లు, అంటే తమకు జబ్బు లేకుండానే దాని జన్యువును మోసేవాళ్లు. ఒక బిడ్డకు జబ్బు ఉంది. కౌన్సెలర్ '25 శాతం' అని చెప్పి ఫైలు మూసేస్తాడు. వాళ్లకు అర్థమయ్యేదేమిటంటే, నలుగురిలో ఒకరికి వచ్చేసింది కదా, ఇక ముగ్గురికి భయం లేదని. ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటి నుంచేనని విడమరిచి చెప్పి, వాళ్ల నోట తిరిగి చెప్పించుకునేదాకా కౌన్సెలింగ్ అయినట్టు కాదు. అదే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పెద్దపిల్ల క్యారియర్ అయ్యే అవకాశం సగం అంటారు చాలామంది. తప్పు. జబ్బు లేదని తెలిసిపోయింది కాబట్టి 3లో 2 వంతులు. పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ2 (క్యారియర్లలో ఎక్కువగా ఉండే ఒక రకం హీమోగ్లోబిన్) బోర్డర్‌లో వచ్చింది, 'నార్మలే' అని పంపేశారు. ఐరన్ తక్కువగా ఉంటే హెచ్‌బీఏ2 తగ్గి కనిపిస్తుంది, ఐరన్ చూశారా?

ఇంకా ఘోరం, ఇలాంటి జంటలో 16వ వారంలో వచ్చిన గర్భిణిని నేరుగా ఉమ్మనీటి పరీక్షకు రాసేయడం. అమ్మానాన్నల మ్యుటేషన్ (జన్యువులో ఉన్న మార్పు) ఏదో తేలకుండా ల్యాబ్ వెతికేది దేన్ని? అది తేలేసరికి వారాలు గడిచిపోతాయి. ఈ పని రెండో కాన్పు అనుకోకముందే అయిపోవాలి.

మేనరికాల విషయానికొస్తే, కౌన్సెలర్లకు పెట్టే మన పరీక్షల్లో మన ప్రశ్నలే ఉండాలి. బావామరదళ్లకు పుట్టే బిడ్డ ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషియంట్ (ఒకే పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం) 1/16, మేనమామ–మేనకోడలు అయితే 1/8. ఈ రెండూ అందరూ బట్టీ పడతారు. కుండమార్పిడి (ఒక ఇంటి అన్నాచెల్లెళ్లు మరో ఇంటి అన్నాచెల్లెళ్లను చేసుకునే) పెళ్లిళ్లు చేసుకున్న రెండు జంటల పిల్లలు మళ్లీ ఒకరినొకరు చేసుకుంటే? అదీ 1/8. ఎందుకంటే నలుగురు తాతానాయనమ్మలూ ఇద్దరికీ వాళ్లే. ఇది బయటపడాలంటే 'మేనరికమా?' అని ఒక్క ముక్క అడిగితే చాలదు. 'అబ్బే, దూరపు చుట్టరికమే' అంటారు. రెండు వైపులా తాతల ఊళ్లు, అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు అడిగి మూడు తరాల వంశవృక్షం గీయాలి, దగ్గర సంబంధం దగ్గర జంట గీత పెట్టాలి. ఆర్యవైశ్య కుటుంబమైతే మత్తుమందు ఇచ్చాక ఎవరైనా ఆలస్యంగా ఊపిరి తీసుకున్నారా అని తప్పక అడగాలి. సూడోకోలినెస్టరేజ్ (కొన్ని మత్తుమందులను శరీరంలో విరగ్గొట్టే ఎంజైమ్) లోపం ఆ వర్గంలో ఎక్కువ. ఆపరేషన్‌లో కండరాలు వదులయ్యేందుకు వాడే సక్సినైల్‌కోలిన్ ఇస్తే గంటల తరబడి వెంటిలేటర్ మీదే.

ఇవన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తేలవు. రాతపరీక్షతో పాటు తెలుగులో ఓరల్ ఉండాలి. ఎదురుగా ఓ జంటను కూర్చోబెట్టి, వీయూఎస్ (హాని చేస్తుందో లేదో తేలని జన్యుమార్పు) అని వచ్చిన రిపోర్టును భయపెట్టకుండా, అబద్ధం చెప్పకుండా వివరించమనాలి. ల్యాబ్ జీతం మీద పనిచేసే కౌన్సెలర్ ఆ సంగతి పేషెంట్‌కు ముందే చెప్పాలన్న నియమమూ రావాలి. టెస్టు రాసేదీ, టెస్టు అమ్మేదీ ఒకే జేబైతే ఎలా?

కోర్సులో చేరబోయే పిల్లలు ఫీజు కట్టేముందు మూడు అడగండి: ఎన్ని కేసుల లాగ్, ఏ ఆసుపత్రి ఓపీలో, సంతకం పెట్టేదెవరు. జవాబు కాగితం మీద తీసుకోండి. 'అవన్నీ తర్వాత చూద్దాం' అంటే ఫీజు కట్టడం కూడా తర్వాతే చూడండి.