'నేచురల్ ఫ్లేవర్స్' గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 'నేచురల్ ఫ్లేవర్స్' గారికి,

నార్త్ కరోలినా నుంచి, తినుబండారాల ప్యాకెట్ల మీది పదార్థాల జాబితాల్లో మీ పేరు వెతికి చదివే మీ నిత్య పాఠకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడానికి వీల్లేదు. క్షేమంగా ఉన్నది మీరొక్కరే.

మూడేళ్ల కిందట మా పెరటి గడ్డిలో, వీపున తెల్లచుక్క ఉన్న 'లోన్ స్టార్' పిడుదు ఒకటి నా మడమను పట్టింది. అప్పటినుంచి ఆల్ఫా-గాల్ అనే చక్కెర నా ఒంటికి పగ అయింది, అంటే అలర్జీ అన్నమాట. మనుషులు, కొన్ని కోతిజాతులు మినహా పాలిచ్చే జంతువులు దాదాపు అన్నిటిలోనూ అది ఉంటుందట. తిన్న వెంటనే ఏమీ కాదు, రెండు నుంచి ఆరు గంటలు ఆగి మరీ కక్ష తీర్చుకుంటుంది. అందుకే రాత్రి ఎనిమిదింటికి గోంగూర మాంసం తిని, ఒంటిగంటకు అరికాళ్ల దురదతో మేల్కొని, దద్దుర్లు పొట్ట మీదికి పాకేదాకా నేను పాపం దోమలనే తిట్టుకున్నాను.

మాంసం మానడం కష్టం కాలేదు. (మా అత్తగారైతే ఫోనులో "పోనీలెండి బాబూ, పుణ్యం" అని సంతోషించారు కూడా.) కష్టమల్లా మీతోనే. పశువుల ఎముకలు, తోలు నుంచి తీసే మీ బంధువు జెలటిన్ మాత్రల తొడుగులో దాక్కున్నా, పేరు దాచుకోడు. మీరో? ఇక్కడి నిబంధనల్లో మీ నిర్వచనం చదివాను. సుగంధ ద్రవ్యాలు, పండ్లు, బెరడు, మొగ్గ, వేరు, ఆకు అంటూ వైద్యగ్రంథంలా మొదలై, ఊపిరి తీసుకోకుండా మాంసం, చేప, కోడి, గుడ్డు, పాల దాకా సాగింది. తులసికోట దగ్గర బయలుదేరి కసాయి దుకాణంలో తేలే వాక్యాన్ని నేను మరెక్కడా చూడలేదు.

మొన్న ఒక సూప్ డబ్బా మీది చీమతలకాయంత అక్షరాలను ఫోనులో పెద్దవి చేసి చదివి, మీ పేరు దగ్గర ఆగిపోయి, ఆ కంపెనీకే ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకావిడ, అది వ్యాపార రహస్యమనీ, పేరు రాసి తీరాలని చట్టం చెప్పిన తొమ్మిది అలర్జీ పదార్థాలేవీ అందులో లేవనీ మర్యాదగా సెలవిచ్చారు. 2023 జనవరి 1 నుంచి ఆ తొమ్మిదిలో నువ్వులకు చోటు దక్కింది, సంతోషం. 2010 నుంచి 2022 దాకా అమెరికాలో ఈ ఆల్ఫా-గాల్ అలర్జీ అనుమానిత కేసులు 1,10,000కు పైగా బయటపడినా, పందికీ ఎద్దుకూ మాత్రం నువ్వుగింజపాటి హోదా రాలేదు. నాకు పాలు పడుతున్నాయి కనుక, ఇండియన్ స్టోరులో ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క కనబడితే కళ్లకు అద్దుకుంటున్నాను.

ఈ రాత్రి ఎనిమిదింటికి, మిత్రుల ఇంట్లో మొహమాటపడి, ప్యాకెట్టు తిరగేసి చూడకుండానే నాలుగు చిప్స్ తిన్నాను. తిన్నాక చూస్తే చివరి వరుసలో తమరే ఉన్నారు. తమరిది ఏ వంశమో అర్ధరాత్రి దాటి రెండింటిలోపు నా ఒళ్లే చెబుతుంది. ఆలోగా తమరే సెలవిస్తే, అలర్జీ ముదిరినప్పుడు వేసుకునే ఇంజెక్షన్‌ను దిండు కింద పెట్టుకోవాలో, బీరువాలోనే ఉంచాలో తేల్చుకుంటాను.

ఇట్లు,
తమ నిత్య పాఠకుడు