పాయిజాన్ రిగ్రెషన్ గారి దివ్యసముఖమునకు

ఏది ఎన్నిసార్లు జరిగిందన్న లెక్కలకి మోడల్ కట్టే గణాంక పద్ధతి, మహారాజశ్రీ పాయిజాన్ రిగ్రెషన్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, ఇక్కడ మా స్టాండర్డ్ ఎర్రర్లకి (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలతలకి) ఒంట్లో బాగాలేదు. సగటు ఎంతో వేరియన్సూ (అంకెలు ఎంత చెదిరాయన్న కొలత) అంతే అన్న తమరి పట్టుదలే దానికి కారణం.

తమరి పూర్వవైభవాన్ని కాదనం. 1898లో బోర్ట్‌కీవిచ్ అనే ఆయన ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయినవాళ్ల లెక్క తీశాడు. 10 దళాలు, 20 ఏళ్లు, అంటే 200 గడులు. మొత్తం 122 చావులు. సగటు 0.61, వేరియన్సూ 0.61. ఒక్క చావూ లేని గడులు 108.7 ఉండాలని తమరి సూత్రం చెబితే, నిజంగా ఉన్నవి 109. ఎంత క్రమశిక్షణ గల గుర్రాలు! క్లాసుల్లో ఇప్పటికీ వాటినే తోలుతున్నారు. వేరే డేటా తెస్తే తమరి పరువేమవుతుందో మాస్టార్లకి తెలుసు.

మేం తెస్తాం. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ‘వార్ప్‌బ్రేక్స్’ డేటా: 54 మగ్గాలు, ‘ఎ’, ‘బి’ అని రెండు రకాల ఉన్ని, మూడు స్థాయిల బిగువు. ఒక్కో మగ్గం మీద నిర్ణీత పొడవు నూలుకి పడుగు పోగులు ఎన్నిసార్లు తెగాయన్నదే లెక్క. ‘ఎ’ ఉన్ని, తక్కువ బిగువు ఉన్న తొమ్మిది మగ్గాలు చిత్తగించండి: 26, 30, 54, 25, 70, 52, 51, 26, 67. సగటు 44.6. తమరి మాటే నిజమైతే దాదాపు అన్నీ 31కీ 58కీ మధ్య పడాలి. తొమ్మిదిలో ఆరు బయటే ఉన్నాయి. వేరియన్సు 327.5.

అయినా తమరు తొణకరు. ఉన్ని, బిగువు ఇచ్చి మోడల్ నడిపితే ‘బి’ గుణకం లాగ్ కొలతలో -0.206, అంటే తెగడం 19 శాతం తక్కువ, స్టాండర్డ్ ఎర్రర్ 0.052, పి విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) 0.00006 అని పక్కన మూడు చుక్కలు (***) పెట్టి మరీ అచ్చేస్తారు. అదే అవుట్‌పుట్ అడుగున రెసిడ్యువల్ డీవియన్స్ (మోడల్‌కి అందని మిగులు) 210.4, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (54 అంకెల్లో 4 గుణకాలు పోగా మిగిలినవి) 50 అని రాసేదీ తమరే. ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. అంతదాకా ఎవడు చదువుతాడులే అన్న ధీమా!

పియర్సన్ రెసిడ్యువల్స్ (అసలు అంకెకీ మోడల్ అంచనాకీ ఉన్న తేడాని ఆ అంచనా వర్గమూలంతో భాగిస్తే వచ్చేవి) వర్గాలు కూడి 50తో భాగిస్తే 4.26 వస్తుంది. ఒకటికి అటూ ఇటూగా ఉండాల్సిన అంకె అది. దాని వర్గమూలం 2.06తో ప్రతి స్టాండర్డ్ ఎర్రర్‌నీ హెచ్చించాలి. తమరి సవరించిన రూపం క్వాసీ పాయిజాన్ చేసే పనల్లా ఇదే. గుణకం వెంట్రుకవాసి కదలదు. పి మాత్రం 0.059కి ఎగబాకుతుంది, మూడు చుక్కలు పోయి ఆ చోట ‘అంతంతమాత్రం’ అనే ఒక ఫుల్‌స్టాప్ (.) మిగులుతుంది.

పాపమంతా తమరిదే అంటే మాకు కళ్లు పోతాయి. తక్కువ బిగువులో ‘ఎ’ సగటు 44.6, ‘బి’ 28.2; మధ్యస్థ బిగువులో ‘ఎ’ 24, ‘బి’ 28.8. తారుమారైంది కదా! ఇంటరాక్షన్ (ఉన్ని ప్రభావం బిగువుని బట్టి మారొచ్చన్న పదం) పెట్టకుండా మోడల్ నడిపినవాడు తన తప్పుని తమరి ఖాతాలో రాస్తున్నాడు. కానీ అది పెట్టాక కూడా 48 డిగ్రీలకి డీవియన్స్ 182.3 ఉంది. మగ్గానికీ మగ్గానికీ ఉండే తేడా ఏ కాలమ్‌లోనూ లేదు, దానికి తమరి దగ్గర చోటూ లేదు. తమరి బంధువు నెగెటివ్ బైనామియల్ మోడల్ అయితే సగటు వర్గాన్ని తీటా అనే అంకెతో (డేటా నుంచే అంచనా కట్టేది) భాగించి వేరియన్సుకి కలుపుతుంది. ఏఐసీ అనే స్కోరుతో మోడళ్లు పోల్చాలన్నా దాని దగ్గరికే వెళ్లాలి, ఆ స్కోరుకి కావాల్సిన లైక్లీహుడ్ (ఈ డేటా రావడానికి మోడల్ ఇచ్చే సంభావ్యత) క్వాసీకి లేదు.

తమరి భక్తులది ఇంకో వరస. సున్నాలు కాస్త గుంపుగా కనబడితే అదనపు సున్నాలకి వేరే లెక్క కట్టే జీరో ఇన్‌ఫ్లేటెడ్ మోడల్ కోసం పరుగు. సగటు 1 అయితే తమరి లెక్కన సున్నాలు 37 శాతం, తీటా 0.5 ఉన్న మామూలు నెగెటివ్ బైనామియల్‌లోనే 58 శాతం. ముందు అది చూడరాదా?

మరికొందరు ఆఫ్‌సెట్‌లో (గుణకం 1గా ఉంచి మోడల్‌కి కలిపే పదంలో) జనాభాని లాగ్ తియ్యకుండా పెడతారు. జనాభాల మధ్య వేలల్లో తేడా ఉంటే ఎక్స్‌పొనెన్షియల్ అనంతానికి పోయి సాఫ్ట్‌వేర్ అక్కడే చేతులెత్తేస్తుంది. అదే నయం, తమరిలా మూడు చుక్కలు పెట్టి పంపించదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
డిస్పర్షన్ (పైన వచ్చిన 4.26 లాంటి అంకె) చూడనిదే రిపోర్టు మీద సంతకం పెట్టనివారు