దేవదాసును చంపింది తండ్రి కాదు

నిన్న పొద్దున బీచ్ రోడ్డులో నడక ముగించి కాళీమాత గుడి ఎదురుగా గట్టు మీద కూర్చున్నాం. మాలో ఒక మాస్టారు తన మనవడి గడ్డం గురించి వాపోతూ "అచ్చం దేవదాసే" అన్నారు. "పాపం, ఆ దేవదాసును తండ్రే కదండీ పొట్టన పెట్టుకున్నాడు" అని ఇంకొకాయన. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఇంటికి వచ్చినా ఉక్రోషం తగ్గలేదు కాబట్టి ఇక్కడ కక్కేస్తున్నాను.

మనకు దేవదాసు అంటే 1953 నాటి అక్కినేని. ఆ దగ్గు వినగానే కళ్ళు చెమరుస్తాయి, ఇక లెక్కలు అడగబుద్ధి కాదు. శరత్‌చంద్ర చిన్న వయసులో రాసి, ఏళ్ళ తరబడి పక్కన పెట్టి, 1917లో పుస్తకంగా తెచ్చిన ఆ నవలను ఒకసారి తీసి చదవండి.

తండ్రి చేసిందేమిటి? పెళ్ళి వద్దన్నాడు. పార్వతి వాళ్ళది ఆడపిల్లకు డబ్బు పుచ్చుకునే కుటుంబం, పైగా పక్కింటి సంబంధం అని పరువు అడ్డం వచ్చింది. తప్పే. కానీ ఆ రాత్రి అందరూ పడుకున్నాక పార్వతి ఒంటరిగా దేవదాసు గదికి వచ్చింది. నలుగురూ ఏమనుకుంటారన్న భయం ఆ చిన్నపిల్లకు లేదు, అతనికే ఉంది. తర్వాత కలకత్తా వెళ్ళి, నీ మీద నాకు అంత ప్రేమ ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదని ఉత్తరం రాశాడు. ఆ కలం తండ్రి పట్టించాడా?

తర్వాత గుండె పీకి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి పార్వతికి వేరే సంబంధం కుదిరింది. రేవు దగ్గర ఆమె తల వంచలేదు. మీకే తల్లిదండ్రులున్నారా, నాకు లేరా అన్నట్టు నిలబడింది. చేతిలో ఉన్న గాలపు కర్రతో నుదుటి మీద కొట్టాడు. నెత్తురు కారింది. ఆ మచ్చ తన గుర్తుగా ఉండిపోవాలట! దీన్ని ప్రేమ అనడానికి నాకు నోరు రాదు.

కలకత్తా స్నేహితుడు చున్నీలాల్ చెడగొట్టాడంటారు. దారి చూపించి ఉండవచ్చు, మెడ పట్టి తాగించలేదు. అసలు తండ్రి పోయాక ఆస్తిలో వాటా చేతికొచ్చింది, కాదనేవాడు లేడు. మారిందేమిటి? సీసాల సంఖ్య. కాలేయం పాడైందని వైద్యులు చెప్పినా, వేశ్య అయిన చంద్రముఖి అన్నీ వదులుకుని సేవ చేసినా, ఎవరి మాటా చెవికెక్కలేదు.

పార్వతికి ఇచ్చిన మాట ఒక్కటి నిలబెట్టుకున్నాడు, చచ్చేలోగా ఒకసారి వస్తానని. వచ్చేసరికి పేరు చెప్పే ఓపిక కూడా లేదు. ఆమె గుమ్మం ముందు దిక్కులేని శవమైతే, జేబులోని ఉత్తరాలు చూసి ఎవరో తెలుసుకున్నారు.

ఇదంతా ఏకరువు పెడితే మాస్టారు "ఏమైనా పాపమే కదమ్మా" అన్నారు. పాపమే. నాకు మాత్రం ధర్మదాసు గుర్తొస్తాడు. చిన్నప్పటి నుంచి పెంచిన ఆ ముసలి నౌకరును రైల్లో నిద్రపోతుండగా వదిలేసి, దేవదాసు పాండువా స్టేషనులో దిగిపోయాడు. కళ్ళు తెరిచి పక్కన ఖాళీ చోటు చూసుకున్నప్పుడు ఆ ముసలాయన ఏ స్టేషనులో ఎవరిని పట్టుకుని అడిగాడో!