ఆ సీడీ అంటించిన పుస్తకాలు అమ్మేయకండి

దసరా ముందు ఇల్లు దులిపే రోజులు వచ్చాయంటే హనుమకొండలో గల్లీ గల్లీకీ పాత పేపర్ల బండి తిరుగుతుంది. అటక మీంచి దిగే కట్టల్లో పోటీ పరీక్షల గైడ్లు, పెళ్లి కార్డులు, పిల్లల రికార్డు పుస్తకాలు ఎలాగూ ఉంటాయి. వాటి మధ్య ఒక్కోసారి, అట్ట మీద తుపాకీ పట్టుకున్న బొమ్మతో, సీడీ అంటించిన చోట కాగితం ఊడొచ్చి తెల్లటి మచ్చ మిగిలిన ఓ ఇంగ్లిష్ వీడియో గేమ్ మాసపత్రిక కూడా దిగుతుంది. అదీ తూకానికే పోతుంది. మేం అడిగేదల్లా ఆ ఒక్కటీ పక్కన పెట్టమని.

వీడియో గేమ్ పుస్తకాల మీద సంపాదకీయమా, ఊళ్లో డ్రైనేజీ సంగతి రాయరా అని అడిగేవాళ్లు ఉంటారు. డ్రైనేజీ గురించి ఏటా రాస్తూనే ఉన్నాం, వచ్చే ఏడూ రాయాల్సే వస్తుంది. ఈ ఒక్క రోజు దీనికి వదిలేయండి.

ఈ పత్రికల కథ 1981లో ఊపందుకుంది. బ్రిటన్‌లో ఆ నవంబరులో 'కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్' మొదలైంది, అమెరికాలో అదే ఏడు చలికాలం సంచికతో 'ఎలక్ట్రానిక్ గేమ్స్' వచ్చింది. అప్పటి బ్రిటిష్ పత్రిక తెరిస్తే గేమ్ గురించి రాసిన వార్తే కాదు, గేమే పేజీల్లో ఉండేది. వరసగా లైన్ నంబర్లు, వాటి పక్కన కంప్యూటర్ భాషలో ఆదేశాలు, పేజీల కొద్దీ. కొన్నవాడు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని ఒక్కో లైనూ కొట్టుకుంటూ పోవాలి, అంతా అయ్యాక క్యాసెట్ మీద సేవ్ చేసుకోవాలి, ఈలోగా కరెంటు పోతే ఏమవుతుందో వరంగల్ వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక్క కామా తప్పు పడినా గేమ్ నడవదు. ఆ తప్పు కొట్టినవాడిది కాక పత్రికదే అయితే, దిద్దుబాటు కోసం వచ్చే నెల దాకా ఎదురుచూడాలి. అచ్చుతప్పు పడితే మాకు రెండు ఫోన్లు వస్తాయి, అంతే. పాఠకుడి సాయంత్రం మొత్తం నాశనం చేయగల అచ్చుతప్పు అంటే మాకు భయమూ ఉంది, కొంచెం గౌరవమూ ఉంది.

1983లో అమెరికాలో వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది, దాన్ని నమ్ముకున్న పత్రికలు చాలా వరకు దానితోపాటే పోయాయి. మళ్లీ జపాన్ నుంచి గాలి వీచింది. 1986లో అక్కడ మొదలైన 'ఫామిట్సు'లో ఒక్కో గేమ్‌కు నలుగురు, ఒక్కొక్కరు పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. నలభైకి నలభై మొదటిసారి పడింది 1998లో, 'జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్'కు. పన్నెండేళ్లు పట్టింది! మన దగ్గర సినిమాకు ఇంటర్వెల్ కాకముందే రేటింగ్ ఫోన్లోకి వచ్చేస్తోంది.

అమెరికాలో 1988లో వచ్చిన 'నింటెండో పవర్' ఇంకో రకం. గేమ్ తయారుచేసిన కంపెనీయే పత్రికా నడిపింది, అంటే సొంత డబ్బా రంగుల్లో. అయినా పిల్లలు ఎగబడి చదివారు, ఎందుకంటే లోపల దారులు చూపే మ్యాపులు, ఎక్కడ ఏం దాచారో చెప్పే చిట్కాలు ఉండేవి. కంపెనీది కాని పత్రికలకు ఇంకో తంటా. మార్కులు వేయాల్సింది ఎవరి గేమ్‌కో ప్రకటన ఇచ్చేదీ వాళ్లే. దీని మీద మేం పెద్దగా నోరు చేసుకోలేం, మాదీ ప్రకటనల మీద బతికే పత్రికే.

మాకు బాగా నచ్చిన కథ మాత్రం 1992 ఏప్రిల్‌ది. 'స్ట్రీట్ ఫైటర్ 2' అనే కొట్లాట గేమ్‌లో ర్యూ అనే ఫైటర్ గెలిచాక ఒక మాట అంటాడు. జపనీస్‌లో అది అతని డ్రాగన్ దెబ్బ గురించి, ఇంగ్లిష్ చేసినవాళ్లు దాన్ని మనిషి పేరు చేసేసి, షెంగ్ లాంగ్‌ను ఓడిస్తే గానీ నా ముందు నిలవలేవు అన్నట్టు రాశారు. అలాంటి మనిషి గేమ్‌లో లేనే లేడు. 'ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ' అనే అమెరికా పత్రిక ఏప్రిల్ ఫూల్ కోసం, ఒక్క దెబ్బ తినకుండా చివరిదాకా వెళ్తే అతను వస్తాడని ఫోటోతో సహా వేసింది. ఎంతమంది పిల్లలు గేమ్ మెషీన్లలో ఎన్ని చిల్లర నాణేలు పోసుకున్నారో! అనువాదంలో పుట్టిన మనిషిని పత్రిక బతికించింది, అది తెలుసుకోవాలంటే ఈ రోజుకీ ఆ నెల సంచికే సాక్ష్యం.

ఈ పత్రికలు కాజీపేట స్టేషన్ బుక్‌స్టాల్ దాకా రాలేదు. వాటిలోని చిట్కాలు మాత్రం ఎలాగో వచ్చేశాయి. టీవీకి తగిలించే క్యాసెట్ గేమ్‌లో కాంట్రా ఆడేటప్పుడు పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ అని నొక్కితే ముప్పై ప్రాణాలు వస్తాయని ఇంగ్లిష్ రాని పోరగాళ్లకు కూడా తెలుసు. తర్వాత నెట్ సెంటర్ల కాలం. మా ఆఫీసులో ఒకరి దగ్గర ఇప్పటికీ ఒక కాగితం ఉంది, నాలుగు గీతల కాపీ పుస్తకంలోంచి చింపింది, నాలుగు మడతల దగ్గర చిరిగి టేపు వేసింది. 'వైస్ సిటీ' గేమ్‌లో టైప్ చేసే కోడ్‌లు. 'పాంజర్ – ట్యాంకు వస్తది. యాస్పిరిన్ – ప్రాణం నిండుతది. చివర్ల ఇ మర్వకు' అని తెలుగులో రాసి, కింద గీత. ఎవరు రాశారో ఆయనకూ గుర్తులేదు, గంటకు ఇంతని కట్టి ఆడే రోజుల్లో చేతులు మారి మారి వచ్చిందట. మన ఊళ్లో వీడియో గేమ్ పత్రిక అంటే ఇదే.

అచ్చైనవి లేవని కాదు. 'డిజిట్' పత్రికతో సీడీలు, తర్వాత డీవీడీలు వచ్చేవి, నెట్ నత్తనడక నడిచే రోజుల్లో డెమో గేమ్‌లు ఆ పళ్లెంలోంచే దొరికేవి. వాళ్లదే 'స్కోర్' పూర్తిగా గేమ్‌ల పత్రిక. ఇవన్నీ ఇంగ్లిష్‌వి. తెలుగులో 'కంప్యూటర్ ఎరా' కంప్యూటర్ సంగతులు చెప్పింది.

ఇప్పుడు ఎందుకీ గోల అంటే, 1991 నుంచి నడిచిన అమెరికా పత్రిక 'గేమ్ ఇన్ఫార్మర్‌'ను 2024 ఆగస్టు 2న మూసేశారు. పత్రిక ఆగడం వింత కాదు, కానీ దాని వెబ్‌సైట్ కూడా అదే రోజు మాయమై, ఏ వ్యాసం తెరిచినా ఒక వీడ్కోలు నోట్ మిగిలింది. 2025లో వేరే కంపెనీ కొని మళ్లీ నిలబెట్టింది, అది అదృష్టం. ఆ మధ్యలో నెలల తరబడి పాఠకుల అల్మారాల్లోని కాగితాలే నమ్మకంగా ఉన్నాయి. ఆ దేశంలోనే వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2025 జనవరిలో 1,500కు పైగా పాత సంచికలను స్కాన్ చేసి అందరికీ తెరిచింది. మన దగ్గర పని ఎవరు మొదలుపెడతారు?

నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకాయన రాస్తే సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేసి చూపించారు. రేపు ఎవరైనా తెలంగాణ పిల్లలు 2000ల్లో ఏం ఆడారు, ఏం చదివారు అంటే చూపించడానికి మన దగ్గర ఏముంది? టేపు వేసిన ఒక కాగితం.

హనుమకొండలోని రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది. అక్కడో, జిల్లా గ్రంథాలయంలోనో ఒక్క అర ఇస్తే చాలు, పెద్ద ఖర్చేం కాదు. గేమ్‌ల పుస్తకాలు గ్రంథాలయానికి తగవు అనే పెద్దలుంటే, ఒకప్పుడు నవలలను కూడా అలాగే అన్నారని గుర్తుచేస్తున్నాం. బండి వచ్చేలోపు అట్టలు చూసుకోండి, నెట్ సెంటర్ నడిపినవాళ్లు గల్లా పెట్టెల అడుగున చూసుకోండి, కోడ్‌లు రాసుకున్న నోట్‌బుక్కులుంటే అవి ఇంకా ముఖ్యం. ఆ సీడీల్లో ఏముందో చూడాలి కాబట్టి, సీడీ డ్రైవ్ పనిచేసే పాత కంప్యూటర్ మీ ఇంట్లో ఉంటే దాన్నీ ఈ దసరాకు బండి ఎక్కించకండి.