తెల్లవారుజామున లేచినంత మాత్రాన నవల రాదు

విజయం సాధించిన రచయితల రహస్యాలంటూ ఒక జాబితా కొంతకాలంగా వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ తిరుగుతోంది. పంపేవారిని బట్టి మాటలు కొద్దిగా మారినా సారాంశం ఒక్కటే. గొప్ప రచయితలందరూ తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారట. ఒక్కరోజు కూడా మానకుండా లెక్కపెట్టి వెయ్యి పదాలు రాస్తారట. రాయలేకపోవడమన్నది లేనే లేదట, అది సోమరితనానికి పెట్టుకున్న ముద్దుపేరట. అసలైన రచన ఒక్క ఊపులో వస్తుందట, వెనక్కి తిరిగి చూడకూడదట. 21 రోజులు పట్టుబట్టి చేస్తే ఇదంతా అలవాటైపోతుందట. ఉద్యోగం, పిల్లలు, ఇల్లు అన్నవి కేవలం సాకులట. సాక్ష్యానికి జపాన్ నవలాకారుడు హారుకి మురకామి, ఆంథొనీ ట్రాలప్, స్టీఫెన్ కింగ్ మొదలుకొని మన విశ్వనాథ సత్యనారాయణ దాకా కొన్ని పేర్లు జోడిస్తారు.

ఇందులో చెప్పిన సంగతులు సగానికి సగం నిజాలే. చిక్కంతా వాటిని ఎక్కడ తుంచారన్నదాంట్లో ఉంది. రచయిత దినచర్య అతని జీతం, అప్పులు, ఇంట్లో మనుషులు, ప్రచురణకర్తతో చేసుకున్న ఒప్పందం అన్నీ కలిసి తయారుచేసినది. ఆ పరిస్థితులన్నిటినీ చెరిపేసి, గడియారాన్ని మాత్రం మిగిల్చి, విజయానికి అదే కారణమని చూపడం ఈ జాబితా చేస్తున్న పని.

మొదటిది నాలుగు గంటల సంగతి. మురకామి 2004లో పారిస్ రివ్యూ పత్రికకు ఇచ్చిన ముఖాముఖిలో తాను నాలుగింటికి లేచి ఐదారు గంటలు పనిచేస్తానని, మధ్యాహ్నం పది కిలోమీటర్లు పరుగెత్తడమో, 1500 మీటర్లు ఈదడమో, లేదా రెండూనో చేస్తానని, రాత్రి తొమ్మిదింటికి పడుకుంటానని చెప్పిన మాట నిజమే. అయితే అది నవల రాస్తున్న కాలానికి మాత్రమే వర్తించే మాట; ఆ షరతును ఆయనే స్పష్టంగా పెట్టారు, పంచుకునేవారు దాన్ని వదిలేశారు. అంతకంటే ముఖ్యమైన విషయం, ఆయన తొలి రెండు నవలలు వేకువజామున పుట్టినవి కావు. అప్పట్లో ఆయన భార్యతో కలిసి టోక్యోలో జాజ్ సంగీతం వినిపించే చిన్న బార్ ఒకటి నడిపేవారు. రాత్రి బాగా పొద్దుపోయాక దుకాణం కట్టేసి ఇంటికి వచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసుకునేవారు. 1979లో వచ్చిన మొదటి నవలకు కొత్త రచయితలకిచ్చే బహుమతి దక్కింది. బార్ అమ్మేసి పూర్తికాలం రచనకే అంకితమైన తరువాతే పొద్దుతో లేచి పొద్దుతో పడుకునే జీవితం మొదలైంది. రచయితగా నిలదొక్కుకున్నందువల్ల ఆయనకు తొమ్మిదింటికి పడుకునే వెసులుబాటు దొరికింది కానీ, తొమ్మిదింటికి పడుకున్నందువల్ల రచయిత కాలేదు.

అమెరికన్ నవలాకారిణి టోనీ మారిసన్ కూడా తెల్లవారకముందే రాసేవారని ఈ జాబితాలు చెబుతాయి. ఎందుకు రాసేవారో ఆమే చెప్పారు: పిల్లలు చిన్నవాళ్లు, ఐదింటికల్లా లేచి అమ్మా అని పిలుస్తారు, ఆ పిలుపుకు ముందు దొరికిన కాలమే తనది. పగలంతా ప్రచురణ సంస్థలో సంపాదకురాలి ఉద్యోగం. మిగిలిన గంటలన్నీ ఎవరో ఒకరికి చెందినవి కాబట్టి ఆమె ఆ గంటను పట్టుకున్నారు. ఇదే లెక్కన ప్రాగ్ నగరంలో కార్మికుల ప్రమాద బీమా కార్యాలయంలో పనిచేసిన కాఫ్కాకు రాత్రి మిగిలింది. మధ్యాహ్నం రెండింటికి ఉద్యోగం ముగించి, ఇంటికి వచ్చి నిద్రపోయి, ఇంట్లోవాళ్ల సందడి సద్దుమణిగాక పది, పదకొండు గంటలకు ఆయన కలం పట్టేవారు. 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటికి కూర్చుని మర్నాడు ఉదయం ఆరింటికి ఒక కథ ముగించి లేచారు. ఫ్రెంచి నవలాకారుడు ప్రూస్ట్ సంగతి సరేసరి. ఉబ్బసంతో బాధపడుతూ, శబ్దం రాకుండా గోడలకు కార్కు పలకలు తాపడం చేయించిన గదిలో పగలు నిద్రపోయి రాత్రిళ్లు రాశారు. నిశాచర రచయితల పేర్లతో కూడా ఇంతే పొడుగు జాబితా ఒకటి తయారవుతుంది. దాన్ని ఎవరూ పంచుకోరు, ఎందుకంటే అందులో క్రమశిక్షణ వాసన రాదు.

రెండవది రోజూ వెయ్యి పదాలు. ఈ వాదానికి అసలు మూలపురుషుడు పంతొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల నవలాకారుడు ట్రాలప్. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, ఉదయం అయిదున్నరకు బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 పదాల చొప్పున రాసి, మొత్తం 47 నవలలు పూర్తిచేసిన మనిషి. దీన్ని కాదనడానికి లేదు. కానీ తన ఆత్మకథలో, కూర్చోగానే మొదటి అరగంట ముందురోజు రాసినదాన్ని చదువుకోవడానికే సరిపోయేదని కూడా ఆయన రాసుకున్నారు. ఆ అరగంట జాబితాలోకి ఎక్కలేదు.

స్టీఫెన్ కింగ్ విషయం ఇంకా విచిత్రం. క్రిస్మస్, అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై నాలుగు, తన పుట్టినరోజు తప్ప ఏడాది పొడవునా రాస్తానని తాను విలేఖరులకు చెబుతూ వచ్చానని, అది అబద్ధమని ఆయనే 2000లో రచనాకళపై ప్రచురించిన పుస్తకంలో ఒప్పుకున్నారు. రాస్తున్న కాలంలో పండుగలు సహా రోజూ రాస్తారు, అప్పట్లో రోజుకు రెండు వేల పదాలు. రాయని కాలంలో అసలే రాయరు. 'ఒక్కరోజు కూడా మానకుండా' అన్నది ఈయన పేరుతో చెలామణి కావడం అన్యాయం. హెమింగ్వే తన రోజువారీ పదాల లెక్కను అట్టపెట్టె ముక్క మీద పట్టికగా వేసి గోడకు ఆనించుకున్నారు. ఆయనను ముఖాముఖి చేసిన జార్జ్ ప్లింప్టన్ ఆ అంకెలు కొన్ని నమోదు చేశారు: 450, 575, 462, 1250, మళ్లీ 512. మధ్యలో ఆ పన్నెండు వందల యాభై ఎందుకంటే, మర్నాడు సముద్రం మీద చేపల వేటకు వెళ్లినా మనసు పీకకుండా ఉండటానికట. లెక్కలు వేసుకునేవాడు కూడా సెలవు తీసుకోవడానికే లెక్క వేసుకున్నాడన్నమాట.

ఇక లెక్కకు అందనివారి మాట. అచ్చయిన తన తొలి నవల మీద ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ 1851 నుంచి 1856 దాకా కూర్చున్నారు. వారమంతా కష్టపడితే ఒకటి రెండు పేజీలు తేలాయని ఆయన ఉత్తరాలు వాపోతాయి. అరుంధతీ రాయ్ మొదటి నవలకూ రెండవ నవలకూ మధ్య ఇరవై ఏళ్లు, 1997 నుంచి 2017 వరకు. మనకు దగ్గరగా చూసుకుంటే కాళీపట్నం రామారావు ఉన్నారు. విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేస్తూ ఆయన రాసిన కథలు ఎక్కువేమీ కావు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న పుస్తకం పేరే 'యజ్ఞంతో తొమ్మిది'. అంటే మొత్తం పది కథలు. చివరి దశాబ్దాల్లో సొంత కథలు రాయడం దాదాపు ఆపేసి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి ఇతరుల కథలు పోగుచేశారు. రోజుకు వెయ్యి పదాల తూకంలో వేస్తే ఈయన రచయిత కిందికే రారు. ఆ తూకాన్ని పారేయడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

మూడవది రాయలేకపోవడమన్నది లేనే లేదన్న మాట. ఇందులో కొంత నిజాన్ని ఒప్పుకోవాలి. తోచినప్పుడే రాస్తానని కూర్చునేవారికి సాధారణంగా తోచదు. 1980ల్లో మనస్తత్వశాస్త్రవేత్త రాబర్ట్ బోయిస్ విశ్వవిద్యాలయ అధ్యాపకులపై చేసిన పరిశీలనల్లో, నియమంగా కూర్చున్నవారు ఎక్కువ రాయడమే కాక వారికి కొత్త ఆలోచనలూ ఎక్కువగా తట్టాయని తేలింది. వారపత్రికల్లో సీరియళ్లు రాసిన మన రచయితలకు ఈ సంగతి పరిశోధన లేకుండానే తెలుసు; ప్రెస్సు మనిషి గుమ్మంలో నిలబడి ఉంటే ప్రేరణ గురించి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.

అయితే అక్కడి నుంచి 'రాయలేకపోవడమంటే సోమరితనం' అన్నచోటికి గెంతడం తప్పు. న్యూయార్కర్ పత్రికలో పనిచేసిన జోసెఫ్ మిచెల్ 1964లో ఒక గొప్ప వ్యాసం ప్రచురించి, ఆ తరువాత 1996లో మరణించేవరకు, అంటే మూడు దశాబ్దాల పాటు, కార్యాలయానికి వస్తూనే ఉన్నారు, తన గదిలో కూర్చుంటూనే ఉన్నారు, చెప్పుకోదగ్గ కొత్త రచన ఒక్కటీ ప్రచురణకు ఇవ్వలేదు. వేళకు రావడం, కుర్చీలో కూర్చోవడం రచనకు సరిపోయేవే అయితే ఆయన గదిలోంచి పుస్తకాల వరుస రావలసింది. రాల్ఫ్ ఎలిసన్ 1952లో తొలి నవలతో పేరు తెచ్చుకుని, రెండవదాని కోసం నలభై ఏళ్లు వేల పేజీలు రాసి కూడా ముగించలేక 1994లో కన్నుమూశారు. ఇక్కడ లోపించింది శ్రమ కాదు. ఏది లోపించిందో బయటివాళ్లం తేల్చలేం. కనీసం నింద వేయకుండా ఉండగలం.

నాలుగవది ఒక్క ఊపు సిద్ధాంతం. దీనికి తెలుగువారు చూపే సాక్ష్యం 'వేయిపడగలు'. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ కోసం విశ్వనాథ ఆ మహానవలను 29 రోజుల్లో తమ్ముడికి చెప్పి రాయించారన్నది లోకప్రసిద్ధం. కథ అందంగానే ఉంది, కానీ అందులో మూడు విషయాలు దాగి ఉన్నాయి. ఎదురుగా ఒక గడువు ఉంది. చెబుతుంటే అందుకుని రాసే చెయ్యి ఒకటి ఉంది. అన్నిటికంటే మించి, చెప్పే మనిషి అప్పటికే ఎన్నో ఏళ్లుగా పద్యంలోనూ వచనంలోనూ చెయ్యి తిరిగినవారు. ఆ నవలలోని ఊరు, గుడి, చదువులు ఆయన చిన్ననాటి నుంచి లోపల పోగుపడినవి. ఆ నెలరోజులను మాత్రమే లెక్కించడం, కోతరోజులు చూసి పంట నెలలో పండిందని అనుకోవడం వంటిది.

అమెరికన్ రచయిత జాక్ కెరువాక్ 1951 ఏప్రిల్‌లో మూడు వారాల్లో 120 అడుగుల కాగితపు చుట్ట మీద నవల టైపు చేసిన కథ కూడా ఇలాంటిదే. దానికి ముందు కొన్నేళ్ల నోటుపుస్తకాలు, చిత్తుప్రతులు ఉన్నాయి. తరువాత దిద్దుబాట్లు జరిగి అది అచ్చయ్యేసరికి 1957 వచ్చింది. రష్యన్ నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీ 1866 అక్టోబరులో 26 రోజుల్లో ఒక నవల ముగించిన మాటా నిజమే. నవంబరు 1 లోగా ఇవ్వకపోతే ఆయన రచనలను తొమ్మిదేళ్లపాటు పైసా ఇవ్వకుండా అచ్చువేసుకునే హక్కు ప్రచురణకర్తకు దక్కుతుందన్న ఒప్పందం మీద ఆయన సంతకం చేసి ఉన్నారు. ఇటువంటి ఉరితాడును సృజనాత్మకతకు చిట్కా అని ఎవరికైనా సలహా ఇవ్వగలమా?

వెనక్కి తిరిగి చూడకూడదనే మాటకు గురజాడే జవాబు. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది, జనం మెచ్చుకున్నారు. అంతటితో ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. పరిమాణంలోనూ పాత్రల పోకడలోనూ దాదాపు మరో నాటకమనిపించేటంతగా తిరగరాసి 1909లో రెండవ కూర్పు తెచ్చారు. ఈనాడు మనం చదివేది, ఆడేది, మాటల్లో వాడుకునేది ఆ తిరగరాసిన ప్రతినే.

21 రోజుల మాట మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. 1960లో మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స తరువాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి రాశారు. 'కనీసం' ఊడిపోయింది, ముఖం ఊడిపోయింది, అంకె మిగిలింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2009లో వెలువరించిన ఫలితాల్లో, ఒక పని అలవాటుగా స్థిరపడటానికి సుమారు 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ఆ పనులు కూడా నీళ్లు తాగడం, పండు తినడం, కాస్త వ్యాయామం చేయడం వంటివి. నవల రాయడం కాదు.

ఇక మిగిలింది, ఈ జాబితాలో అన్నిటికంటే కటువైన మాట: ఇల్లూ పిల్లలూ ఉద్యోగమూ సాకులేనన్నది. ఇందుకు సాక్షిగా చూపిన ట్రాలప్‌నే అడుగుదాం. ఆయనను రోజూ వేకువన లేపి కాఫీ అందించడానికి ఇంట్లో ఒక ముసలి గుర్రపువాడు ఉండేవాడు. ఆ పనికి ఏడాదికి అయిదు పౌన్లు అదనంగా ముట్టేది. వాల్తమ్ క్రాస్‌లో ఉన్నన్నాళ్లూ ఆ మనిషి ఒక్కరోజు కూడా కాఫీ ఆలస్యం చేయలేదని, తన విజయానికి ఇతరులందరికంటే అతనికే ఎక్కువ రుణపడి ఉన్నానేమోనని ట్రాలప్ నిజాయితీగా రాసుకున్నారు. రైలు ప్రయాణాల్లో పెన్సిలుతో రాసినదాన్ని ఆయన భార్య తరువాత సాపు రాసిపెట్టేవారు. కాఫీ కలిపేవాడికి కూడా అయిదున్నర కంటే ముందే తెల్లవారింది, కాని అతను నవలలు రాయలేదు.

ఆంగ్ల నవలాకారిణి జేన్ ఆస్టిన్ జీవితం ఇదే విషయాన్ని రెండోవైపు నుంచి చూపుతుంది. 1801లో కుటుంబం బాత్ నగరానికి మారిన తరువాత, తండ్రి మరణం, ఇళ్లు మారడాల మధ్య ఎనిమిదేళ్లు ఆమె రచన దాదాపు సాగలేదు. 1809లో అన్న చాటన్ గ్రామంలో ఒక ఇల్లు ఇచ్చారు. అక్కడ ఇంటి పనులు ఎక్కువగా అక్క కసాండ్రా, స్నేహితురాలు మార్తా లాయిడ్ చూసుకున్నారు. ఆస్టిన్ వంతుకు ఉదయపు ఫలహారం ఏర్పాటు, టీ, పంచదార వంటి కొద్ది బాధ్యతలు మిగిలాయి. 1811 నుంచి 1815 వరకు ఆమె నవలలు నాలుగు అచ్చయ్యాయి. బాత్‌లో ఆమెకు క్రమశిక్షణ లేదని, చాటన్‌లో హఠాత్తుగా పట్టుబడిందని వాదించేవారు ఉంటే ఉండవచ్చు. సొంత గూడూ, పని పంచుకునే ఇద్దరు స్త్రీలూ దొరకడం అంతకంటే నమ్మదగిన కారణం.

దోస్తోయెవ్‌స్కీ 26 రోజుల వీరగాథలోనూ రెండో మనిషి ఉంది. ఆయన చెబుతుంటే సంకేతలిపిలో రాసుకుని, రాత్రి ఇంటికి పోయి మామూలు అక్షరాల్లోకి మార్చి, మర్నాడు తెచ్చి ఇచ్చినది ఇరవై ఏళ్ల అన్నా స్నిత్కినా. మరుసటి సంవత్సరమే వారికి పెళ్లయింది. ఆ తరువాత అప్పులవాళ్లతో మాట్లాడటం, పిల్లల్ని పెంచడం, పెద్ద నవలలకు మళ్లీ అదే సంకేతలిపి పట్టడం ఆమె పనులయ్యాయి. 1873 నుంచి ఆయన పుస్తకాలను ప్రచురణకర్తల చేతికి ఇవ్వకుండా తానే అచ్చువేయించి, పుస్తకాల వ్యాపారులతో తానే బేరాలాడి అమ్మి, ఇల్లు నిలబెట్టింది కూడా ఆమే.