కొలతకు ఒదగని మనిషి కథకు పాట

1931లో హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం ‘ఎ టైలర్ మేడ్ మ్యాన్’ అనే సినిమా తీసింది. దర్జీ దుకాణంలో ఇస్త్రీ చేసే కుర్రాడు ఒక ధనవంతుడి దుస్తులు వేసుకుని పెద్దమనిషిగా చెలామణి అయ్యే కథ అది. ఆ కుర్రాడి వేషం వేసిన విలియం హెయిన్స్ జీవితాన్ని క్లాడియో మాకోర్ చాలా ఏళ్ల తర్వాత నాటకంగా రాశారు. దానికి పేరు కూడా ఆ సినిమా నుంచే తెచ్చుకున్నారు. ఆ నాటకానికి పాటలు చేర్చి, 2013లో లండన్ ఆర్ట్స్ థియేటర్‌లో సంగీత నాటకంగా ప్రదర్శించారు.

పేరు చక్కగా కుదిరింది. పరాయి కోటు తొడుక్కొమ్మన్నారు కనుకనే హెయిన్స్ సినిమాకు దూరమయ్యారు.

వర్జీనియాలోని స్టాంటన్‌లో 1900లో పుట్టిన హెయిన్స్ పద్నాలుగేళ్లకే ఇల్లు వదిలారు. 1922లో కొత్త ముఖాల కోసం పెట్టిన పోటీలో గెలిచి హాలీవుడ్ చేరారు. 1926లో ‘బ్రౌన్ ఆఫ్ హార్వర్డ్’ ఆయనను తారను చేసింది. నోటి దురుసు, చిలిపితనం, చివరికి గర్వభంగం: ఆ మూసలో ఎన్నో సినిమాలు ఆడాయి. 1930 నాటికి అమెరికాలో ఎక్కువ వసూళ్లు తెచ్చే కథానాయకుల వరుసలో ఆయనది మొదటి స్థానం. 1926లోనే న్యూయార్క్‌లో జిమ్మీ షీల్డ్స్ అనే యువకుడు పరిచయమయ్యారు. ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం పెట్టారు. అది హాలీవుడ్‌లో అందరికీ తెలిసిన సంగతే. తెలియకుండా జాగ్రత్త పడింది ప్రేక్షకుల విషయంలో మాత్రమే.

1933లో హెయిన్స్ ఒక నావికుడితో పోలీసులకు దొరికారన్న కథనంతో ఆ తెర చిరిగింది. స్టూడియో అధిపతి లూయీ మేయర్ షరతు పెట్టారు: షీల్డ్స్‌ను వదలాలి, లోకం కోసం ఒక స్త్రీని పెళ్లాడాలి. హెయిన్స్ ఒప్పుకోలేదు. ఒప్పందం రద్దయింది. మరుసటి ఏడాది ఒక చిన్న సంస్థకు రెండు సినిమాలు చేసి, ఆయన తెర నుంచి శాశ్వతంగా తప్పుకున్నారు.

ప్రేమ కోసం సింహాసనం వదిలిన వీరుడి కథగా దీన్ని చెప్పుకోవడం తేలిక. నాకు ఆ చెప్పే తీరు మీదే అభ్యంతరం. అప్పటికి మాంద్యం సినిమా హాళ్లను ఖాళీ చేస్తోంది. ముప్పై మూడేళ్ల మనిషికి కాలేజీ కుర్రాడి వేషాలు నప్పడం లేదు. మూకీలో ముద్దొచ్చిన వాగుడు టాకీలో చెవిన పడేసరికి మోజు తగ్గింది. హెయిన్స్ సినిమాలు మునుపటిలా కాసులు రాల్చి ఉంటే మేయర్ నీతి అంత పదునుగా ఉండేదా? ఉండేది కాదనే నా నమ్మకం. తారల నడవడికి షరతులు పెట్టే నిబంధనలు 1921 నుంచే ఒప్పందాల్లోకి వచ్చాయి. లాభం తెచ్చినంతకాలం వాటిని ఎవరూ బయటికి తీయలేదు. నష్టం వచ్చే తారను వదిలించుకోవడానికి అవి బాగా పనికొచ్చాయి.

ఇక్కడే సంగీత నాటకానికి ఒక పరీక్ష ఉంది. పద్యనాటకాలు చూసిన మనకు ఆ పరీక్ష బాగా తెలుసు. ఒక పద్యానికి హాలంతా ‘వన్స్ మోర్’ అని కేకవేస్తే కథ అక్కడే ఆగిపోతుంది. హెయిన్స్ కథలో మేయర్ గది అలాంటి చోటు. ధిక్కారం, కన్నీరు, ప్రేమ అన్నీ ఒకే పాటలో ఇమిడిపోతాయి. అయితే ఆ గదిలోంచి బయటికి వచ్చాక హెయిన్స్ మరో నలభై ఏళ్లు బతికారు. వాటిని చివరి పది నిమిషాల్లో ముగించేస్తే, సినిమా పోతే ఆయన బతుకే పోయిందన్న స్టూడియో లెక్కను రంగస్థలం కూడా ఒప్పుకున్నట్టే.

నిజానికి హెయిన్స్ కాదనగలగడానికి ఆ గది బయట ఉన్న దుకాణం కూడా ఒక కారణం. తారగా వెలుగుతున్న 1930లోనే ఆయన పాత కళావస్తువుల వ్యాపారం మొదలుపెట్టారు. అదే పెరిగి గృహాలంకరణ సంస్థ అయింది. నటీమణులు జోన్ క్రాఫర్డ్, కరోల్ లాంబార్డ్, దర్శకుడు జార్జ్ కుకోర్ తమ ఇళ్లను ఆయన చేతిలో పెట్టారు. ధైర్యానికి తిండిగింజలు కూడా కావాలి. ఇంకో వృత్తి చేతిలో లేని చిన్న నటులు ఎందరో అదే షరతుకు తలవంచి, ఇష్టంలేని పెళ్లిళ్లలో జీవితాలు వెళ్లదీశారు. వాళ్లను పిరికివాళ్లనడానికి నాకు మనసొప్పదు.

ఆ నలభై ఏళ్లూ పూలపాన్పేమీ కాదు. 1936లో ఎల్ పోర్టో అనే సముద్రతీర ప్రాంతంలో దాదాపు వందమంది గుంపు హెయిన్స్‌నూ షీల్డ్స్‌నూ కొట్టి తరిమేసింది. స్టూడియో గుమ్మం దాటితే స్వేచ్ఛేనని అనుకునేవాళ్లకు ఆ రాత్రి జవాబు చెబుతుంది. రంగస్థలానికి ఇంతకన్నా బలమైన ఘట్టం ఎక్కడ దొరుకుతుంది? గుంపు పాటకు వంద గొంతులు, ఎదురుగా ఇద్దరు.

1969లో లండన్ రీజెంట్స్ పార్కులోని విన్‌ఫీల్డ్ హౌస్ అనే అమెరికా రాయబారి నివాసానికి కొత్త అలంకరణ చేసింది హెయిన్సే. ఆయన కథ ఆడిన నగరంలోనే ఆయన పని చేసిన ఆ ఇల్లూ ఉంది. 1973 డిసెంబరులో హెయిన్స్ క్యాన్సర్‌తో మరణించారు. మూడు నెలలు తిరగకముందే షీల్డ్స్ నిద్రమాత్రలు మింగి ప్రాణం తీసుకున్నారు. ఇద్దరూ కలిసి బతికింది నలభై ఏడేళ్లు. అందులో సినిమా తారగా హెయిన్స్ ఉన్నది ఏడెనిమిదేళ్లు.