అందరికీ శ్వాస 20

ఈ దేశంలో సమానత్వం ఎక్కడుందని అడిగేవాళ్లు ఒక్కసారి జనరల్ వార్డుకు వెళ్లి, జ్వరం, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్టులు తిరగేయాలి. మొదటి మంచం నుంచి ముప్పయ్యో మంచం దాకా అందరికీ శ్వాస నిమిషానికి 20. నిమోనియాతో ఎగఊపిరి దిగఊపిరిగా ఉన్న తాతకూ 20, హెర్నియా ఆపరేషన్ కోసం ఫోన్ చూసుకుంటూ పడుకున్న కుర్రాడికీ 20. ఎక్కడైనా 26 కనబడిందంటే అది కొత్తగా డ్యూటీకొచ్చిన ఫస్టియర్ నర్సింగ్ పిల్ల పని. రెండు వారాల్లో సర్దుకుంటుంది.

దీన్ని కూడా తప్పుబట్టేవాళ్లున్నారు. గడియారం చూస్తూ నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలట. లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి తీరు మారిపోతుంది కాబట్టి, నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి ఛాతీ గమనించాలట. ముప్పై మందికి అరగంట! ఆ అరగంటలో ఎన్ని దుప్పట్ల మూలలు 45 డిగ్రీలకు మడవచ్చో వీళ్లు లెక్క వేశారా? రౌండ్స్‌కి వచ్చిన నర్సింగ్ కాలేజీ మేడంకి దుప్పటి మూల గుమ్మం దగ్గర్నుంచే కనబడుతుంది. ఊపిరి కనబడదు.

ఒంట్లో ఆక్సిజన్ తగ్గినా, రక్తంలో ఆమ్లం పెరిగినా ముందుగా మారే వాటిలో శ్వాస ఒకటన్నది నిజమే. బీపీ మాత్రం పరువుగల మనిషిలా చివరిదాకా బయటపడదు. గుండె వేగం పెంచి, రక్తనాళాలు బిగించి ఎలాగోలా నెట్టుకొస్తుంది, పడ్డప్పుడు ఒక్కసారిగా పడుతుంది. ఈ తిరకాసు తెలిసే బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్), అంటే రోగి దిగజారుతున్నాడని ముందే పట్టిచ్చే స్కోరు తెచ్చి 2017లో సవరించింది. అందులో శ్వాస 12 నుంచి 20 ఉంటే సున్నా, 21 నుంచి 24కి రెండు పాయింట్లు, 25కి చేరితే మూడు. మనవాళ్ల ముందుచూపు గమనించండి: మనం ఎంచుకున్న 20 సరిగ్గా ఆ సున్నా గడిలో ఆఖరి అంకె. ఒక్కటి ఎక్కువైతే ఎవరో ఒకరు లేచి వెళ్లి చూడాల్సి వచ్చేది.

ఇక కేర్ ప్లాన్, అంటే రోగికి ఏం చేయాలో విద్యార్థిని రాసుకునే పట్టిక. విద్యార్థినికి క్లినికల్ జడ్జ్‌మెంట్, అంటే రోగిని చూసి ఏం చేయాలో తేల్చుకునే నేర్పు, వచ్చిందో లేదో తేల్చేది ఇదే: అయిదు నిలువు గడులు, ఎర్ర పెన్నుతో మార్జిన్, స్కేలు పెట్టి కొట్టిన గీతలు. ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ "గాయం వల్ల తీవ్రమైన నొప్పి" అని నిర్ధారణ. సౌకర్యంగా పడుకోబెట్టాలి, దిండు పెట్టాలి, మాటల్లో పెట్టి నొప్పి మరిపించాలి, డాక్టర్ రాసిన మందు ఇవ్వాలి. చివరి గడిలో "నొప్పి కొంతవరకు తగ్గింది". ఈ చివరి గడి ముందు రోజు రాత్రే హాస్టల్లో, సీనియర్ పుస్తకం చూసి నింపేస్తారు. అప్పటికి రోగి ఇంకా అడ్మిట్ కూడా అయి ఉండడు. జాతకాలు చెప్పేవాళ్లయినా ఇంత ధైర్యం చేయరు.

కాలికి పిండికట్టు వేసిన రోగి దగ్గర ఈ ప్లాన్ కొంచెం ఇబ్బంది పెడుతుంది. మందు ఇచ్చి గంటయినా నొప్పి పెరుగుతోంది, దెబ్బకు మించిన నొప్పి. కాలి వేళ్లు పట్టుకుని మెల్లగా వంచితే కేక పెడుతున్నాడు. పాదం దగ్గర నాడి మాత్రం అందుతోంది, అందుకే అందరూ నిశ్చింతగా ఉన్నారు. లోపల కండరాల గదుల్లో ఒత్తిడి పెరిగి రక్తం అందని స్థితి అది, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. నాడి పోయేదాకా ఆగితే కండరం మిగలదు. పుస్తకంలో అలవాటుగా రాసిన దిండు ఇక్కడ తీసేయాలి: కాలు గుండె కన్నా ఎత్తులో ఉంటే అందే కాస్త రక్తమూ తగ్గుతుంది. కాలు గుండె ఎత్తులోనే ఉంచి, కట్టును లోపలి దూదితో సహా చర్మం దాకా చీల్పించి, సర్జన్‌ని రప్పించాలి. నిర్ధారణ గడిలో మాత్రం అప్పుడూ ఇప్పుడూ "తీవ్రమైన నొప్పి" అనే ఉంటుంది. దిండు తీసినందుకు మార్కులిచ్చే గడి ఆ పుస్తకంలో లేదు.

ఇన్సులిన్ సంగతి ఒక్క ముక్కలో చెప్పుకుందాం. మందు ఇవ్వడంలో పది "రైట్స్" (సరైన రోగి, సరైన మోతాదు లాంటివి) ఏమిటో పది మార్కులకు గడగడా రాసిన అమ్మాయికి, ఎర్ర మూత సిరంజి ఎం.ఎల్.కు 40 యూనిట్లుండే వయల్‌కి, నారింజ మూతది ఎం.ఎల్.కు 100 యూనిట్లుండే వయల్‌కి అని ఎవరూ చేతిలో పెట్టి చూపించరు. 100 వయల్లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. పది రైట్లూ రైటే.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది "తేడా కొడుతోంది" అన్న అనుమానం. పన్నెండో మంచం, నిన్న పేగు ఆపరేషన్ అయిన అరవై కిలోల మనిషి. పొద్దున కాఫీ అడిగినాయన ఇప్పుడు దుప్పటి పీకుతున్నాడు, ఊరి పేరు అడిగితే తడుముకుంటున్నాడు. మోకాళ్లు చల్లగా ఉన్నాయి. గంటకు కిలోకు అర ఎం.ఎల్. చొప్పున నాలుగు గంటల్లో 120 ఎం.ఎల్. రావాల్సిన మూత్రం 70 దగ్గర ఆగింది, రంగు చిక్కబడింది. విద్యార్థిని ఫోన్ చేస్తుంది.

"సార్, పన్నెండో మంచం పేషెంట్ ఏదో తేడాగా ఉన్నారు సార్."

"బీపీ ఎంత?"

"110/70 సార్."

"మరింకేంటమ్మా తేడా?"

ఫోన్ పెట్టేశారు. ఆయన తప్పేమీ లేదు, చెప్పిన దాంట్లో కదలాల్సిందేమీ లేదు. నాడి 118, శ్వాస 26, కొత్తగా వచ్చిన మతి తప్పడం, బీపీ పై అంకె 110: ఈ నాలుగింటికే న్యూస్ స్కోరు 9 అవుతుంది. 7కి చేరగానే అత్యవసరం. కానీ చార్టులో శ్వాస 20 అని ఉంది కాబట్టి మూడు తగ్గి 6. పొద్దున రాసిన "కాన్షియస్, ఓరియెంటెడ్" (స్పృహలో ఉన్నాడు, అయోమయం లేదు) కింద డిట్టో పెట్టారు కాబట్టి ఇంకో మూడు తగ్గి 3. మూడుకు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి చూస్తే చాలు. మనిషిని ముట్టుకోకుండా, ఒక్క మందూ వాడకుండా, పెన్నుతోనే తొమ్మిదిని మూడుకు దింపిన వైద్యం ఇంకెక్కడైనా ఉందా?

ఆ అమ్మాయి అంకెలన్నీ వరసగా చెప్పి, చివర "మీరు వచ్చి చూడాలి సార్" అనాల్సిందని విమర్శకులు అంటారు. నాలుగేళ్లుగా ఎవరు లోపలికొచ్చినా లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పడం నేర్పింది ఇందుకా? అలాంటి వాక్యం ఒకసారి నోటికి అలవాటైతే రేపు మేడంని కూడా "ఎందుకు" అని అడుగుతుంది.

కొత్తదనం లేదనకండి. 2021లో గెజెట్‌కెక్కిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో ఎనిమిది సెమిస్టర్లున్నాయి, సిమ్యులేషన్ ఉంది. గుండె నొక్కడం నేర్చుకునే బొమ్మా ఉంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాల్సిన బొమ్మ ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే భద్రంగా ఉంది. తాళం మేడం దగ్గర, మేడం మీటింగ్‌లో. అమెరికా నర్సింగ్ పండితురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో నర్సు అనుభవానికి అయిదు మెట్లు చెప్పింది, పైకి చేరడానికి ఏళ్లు పడుతుందంది. మన లాగ్‌బుక్‌లో ఆ అయిదూ ఇంటర్నల్స్ ముందు రాత్రే ఎక్కేయొచ్చు, సంతకాలతో సహా. గమనించడం అనే విద్య నిజంగా కావాలంటే అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే పరీక్ష ఎన్‌క్లెక్స్ ఉండనే ఉంది. 2023 ఏప్రిల్ నుంచి అందులో ఒక్కో కేసు మీద ఆరేసి ప్రశ్నలు: ఏం గమనించావు, దానర్థమేమిటి, ముందు దేన్ని పట్టించుకుంటావు అంటూ. డిగ్రీ అయ్యాక విడిగా ఫీజు కట్టి కోచింగ్‌లో చేరితే చాలు.

కాబట్టి మా ప్రతిపాదన చిన్నది. చార్టులు ప్రెస్సుకు వెళ్లేటప్పుడే శ్వాస గడిలో 20 అని అచ్చు వేయించండి. ఏటా బోలెడు సిరా మిగులుతుంది. పన్నెండో మంచం చార్టులో తెల్లవారుజామున నాలుగింటికీ అయిదింటికీ 20, అయిదున్నరకి మరణం అని ఉంటే చదివేవాళ్లకు కాస్త ఎబ్బెట్టుగా ఉండొచ్చు. రికార్డులో తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, టైము వేయాలని ఫస్టియర్‌లో అయిదు మార్కులకు చదువుకున్నదే. వైట్‌నర్ మాత్రం స్టాఫ్ రూమ్ రెండో సొరుగులో ఉంటుంది.